నేర్చిన చేతులున్న చోటే పరిశ్రమ

కొత్త సాంకేతికత వస్తోందనగానే మన ప్రభుత్వాలు ముందుగా సిద్ధం చేసేవి భూమి, రాయితీ, భవనం. అమరావతిలో క్వాంటం వ్యాలీ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో చేతులు కలిపింది. 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్ వస్తుందని ప్రకటించింది. కృత్రిమ మేధ కోసం, చిప్‌ల కోసం పొరుగు రాష్ట్రాలూ పోటీ పడుతున్నాయి. ఈ పోటీ మంచిదే. అయితే ఒక ప్రాంతాన్ని ముందు నిలబెట్టేది రాయితీ కాదు, పని నేర్చిన మనుషులు. దీనికి రుజువు కోసం దూరం వెళ్లనక్కర్లేదు, హైదరాబాద్ మందుల పరిశ్రమ కథ చాలు.

కేంద్ర ప్రభుత్వం 1961లో ఐడీపీఎల్‌ను స్థాపించి, సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారం పెట్టింది. గాజు ఫ్లాస్కులో కొన్ని గ్రాములు తయారుచేయడం వేరు, వేల లీటర్ల రియాక్టర్‌లో టన్నుల లెక్కన తీయడం వేరు. పరిమాణం పెరిగేకొద్దీ వేడి త్వరగా బయటికి పోదు, ద్రవం అన్నిచోట్లా ఒకేలా కలవదు, ముందు లేని మలినాలు పుట్టుకొస్తాయి. వీటిని అదుపు చేసే ఒడుపు పుస్తకం చదివితే రాదు, రియాక్టర్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడితేనే వస్తుంది. అది ఐడీపీఎల్‌లో ఎందరో రసాయన శాస్త్రవేత్తలకు అబ్బింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగలిగినవారికి దారి తెరుచుకుంది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అదే బాటలో మరెందరో నడిచారు.

టీకాల విషయంలోనూ ఇదే జరిగింది. హెపటైటిస్ బి టీకా 1990ల తొలినాళ్లలో విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడికి అందని ధర. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే చేయాలని పూనుకుంది. వైరస్ పైపొరలోని ప్రోటీన్‌కు చెందిన జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో చేర్చి, ఆ ఈస్ట్‌ను పెంచి, కణాలను పగలగొట్టి, ప్రోటీన్‌ను శుద్ధి చేయాలి. ఈ పని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలై సీసీఎంబీ ఆవరణలో సాగింది. 1997లో టీకా మార్కెట్‌కు రాగానే ధరలు నేలకు దిగాయి. 2021 చివర అత్యవసర అనుమతి పొందిన, హైదరాబాద్ సంస్థ బయోలాజికల్ ఇ వారి కొవిడ్ టీకా కార్బెవాక్స్‌లోని ప్రోటీన్ కూడా అదే ఈస్ట్‌లో పెరిగిందే. దాని మూల పరిజ్ఞానం అమెరికాలోని టెక్సస్‌ది. దాన్ని అందుకుని కోట్ల మోతాదుల్లో తయారుచేయగల సత్తా మాత్రం హైదరాబాద్‌ది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకోవడం మొదలైంది 1990ల చివర్లో, అంటే శాంతా టీకా వచ్చాకే. ప్రభుత్వ విధానం ఊతమిచ్చింది, నిజమే. కానీ అప్పటికే ఊరిన ఊటకు అది కాలువ తవ్వింది.

హైటెక్ సిటీని చూడండి, రాయితీలతోనే ఐటీ వచ్చింది కదా అని కొందరంటారు. రాయితీలు కంపెనీలను రప్పించిన మాట వాస్తవం. అయితే ఆ కుర్చీల్లో కూర్చోవడానికి ఇంజనీర్లు ఉన్నారు కాబట్టే కంపెనీలు నిలిచాయి. దేశంలో కంప్యూటర్లు తయారుచేసిన తొలితరం సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ 1967 నుంచీ ఈ నగరంలోనే ఉంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఐడీపీఎల్ నష్టాల్లో కూరుకుపోయింది, మళ్లీ ఆ దారి ఎందుకు? ఆ సంస్థను నడిపిన తీరును సమర్థించనక్కర్లేదు. కానీ నేర్పిన మనిషి రేపు పోటీదారు దగ్గరకు వెళ్తాడన్న భయంతో ఏ ప్రైవేటు కంపెనీ అయినా శిక్షణపై తక్కువే ఖర్చు పెడుతుంది. ఆ లోటు పూడ్చాల్సింది ప్రజాధనమే. శాంతా చివరికి విదేశీ కంపెనీ చేతికి వెళ్లినా, ఇక్కడ పుట్టిన నైపుణ్యం దానితోపాటు విమానమెక్కి పోలేదు. మూడో మాట మనస్సాక్షిని కదిలించేది. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడయ్యాయి, రైతులు సుప్రీంకోర్టు గడప తొక్కేదాకా వచ్చింది. అనుమతులు తొందరగా ఇవ్వడమే విధానం కాదు, కాలుష్యాన్ని కొలిచి ఆపే యంత్రాంగం కూడా అందులో భాగమే.

ఇప్పుడు క్వాంటం వైపు చూద్దాం. క్వాంటం కంప్యూటర్‌పై సమయాన్ని ఎవరైనా ఎక్కడి నుంచైనా నెట్ ద్వారా అద్దెకు తీసుకోవచ్చు, యంత్రం మన ఊళ్లో ఉన్నంత మాత్రాన ఆధిక్యం రాదు. అందులోని చిప్‌ను పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచే శీతలీకరణ వ్యవస్థను నడపగలవారు, నియంత్రణ ఎలక్ట్రానిక్స్ రూపొందించగలవారు, మందుల అణువులపై, విద్యుత్ గ్రిడ్‌పై పనికొచ్చే గణిత పద్ధతులు రాయగలవారు కావాలి. దేశం మొత్తంగా పరిశోధనపై పెట్టే ఖర్చు జీడీపీలో ఒక్క శాతం కూడా లేదు. అలాంటప్పుడు రాష్ట్రాలు తమ డబ్బును ముందుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా, జేఎన్‌టీయూ వంటి చోట్ల ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులపై, చిన్న సంస్థలూ వాడుకోగల ఉమ్మడి ప్రయోగశాలలపై పెట్టాలి. ఆ సంస్థల ఉత్పత్తులకు తొలి కొనుగోలుదారుగా ప్రభుత్వమే నిలబడాలి. ఎన్ని ఎకరాలు ఇచ్చాం, ఎన్ని ఒప్పందాలపై సంతకాలు చేశాం అన్నది ఐదేళ్లకొకసారి ఓటరుకు చెప్పుకోవడానికి పనికొస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఇక్కడ నేర్చుకున్నవాళ్లు ఇక్కడే ఎన్ని సంస్థలు పెట్టారన్నదే అసలు లెక్క. విధాన పత్రంలో ఆ లెక్కను మొదటి పేజీలోనే రాసుకున్న రాష్ట్రం పోటీలో నిలుస్తుంది.