తాకినంతనే అంటునా? రక్తము ద్వారా వచ్చు వ్యాధులను గూర్చి

నూలు, కూలి, మార్కెట్టు సంగతులు వ్రాయవలసిన ఈ పుటలో రోగమును గూర్చి వ్రాయుటకు కారణమున్నది.

మన సభ్యుడొక యువకుడు విదురాశ్వత్థమునకు పోయి, అచ్చటి నాగశిలలను తాకి మ్రొక్కి వచ్చెను. వ్రేలికి ఎఱ్ఱని తడి యంటెను. అది కుంకుమ నీరే. కాని ఎవరి రక్తమో, తనకు ఎయిడ్సు వచ్చునేమో యని అనుమానము పుట్టెను. నాలుగు మారులు రక్తపరీక్ష చేయించెను. నాలుగు మారులును రోగము లేదనియే తేలెను. అయినను చేతులు కడిగి కడిగి చర్మము పగిలెను. నెల దినములు మగ్గముపై పడుగు అట్లే నిలిచిపోయెను. ఇంట కూలి లేదు. అతని అనుమతితోనే, పేరు చెప్పక, ఇది వ్రాయుచున్నాను. ఇట్టి భయము ఒక్కరిది కాదు గనుక, చిక్కును పోగు పోగుగా విప్పి చూతము.

రక్తము ద్వారా సంక్రమించు వ్యాధులలో ముఖ్యమైనవి మూడు: ఎయిడ్సును కలిగించు హెచ్.ఐ.వి., కాలేయమును చెఱచు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. ఇవి వచ్చు దారులు కొన్నియే. పరీక్షింపని రక్తము ఎక్కించుట, ఒకరికి వాడిన సూదిని మఱొకరికి వాడుట, రక్షణ లేని సంభోగము, తల్లినుండి బిడ్డకు సోకుట.

బస్సు కడ్డీ, బల్ల, తలుపు గడియ, రూపాయి నోటు, టీ గ్లాసు వీనివలన హెచ్.ఐ.వి. రాదు. ఆరిన రక్తములో ఆ క్రిమి త్వరగా బలము కోల్పోవును. సరే, శిలపైనున్నది రక్తమే యనుకొందము. గాయము లేని చర్మమునుండి లోనికి దారి యేది? హెచ్.ఐ.వి. గలవారికి వాడిన సూది నర్సుకు పొరపాటున గ్రుచ్చుకొన్నను, మందు తీసికొననప్పుడు సైతము, వేయింట సుమారు ముగ్గురికే అంటునని వైద్యుల లెక్క.

హెపటైటిస్ బి క్రిమి గట్టిది. ఆరిన రక్తములోను కనీసము 7 దినములు నిలువగలదు. బట్ట వెడల్పును నిలుపు బద్ద ముళ్ళు, బ్లేడు, కత్తెర మన వ్రేళ్ళను గాయపఱచును గదా! గాయమునకు వెంటనే పట్టీ కట్టవలెను. రక్తమంటిన పనిముట్టును చేతికి తొడుగు వేసికొని సబ్బునీటితో కడిగి, బ్లీచింగు నీటితో తుడువవలెను. క్షౌరపు బ్లేడు ఒకరిది మఱొకరు వాడరాదు.

ఈ వ్యాధికి టీకా గలదు. కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని మన దేశముననే తయారుచేసి వెల తగ్గించెను. నేడు శిశువులకు ప్రభుత్వము ఉచితముగా వేయుచున్నది. మొదటిది పుట్టిన 24 గంటలలోపల వేయించవలెను. హెపటైటిస్ సికి టీకా లేదు గాని, మాత్రలతో చాలవఱకు నయమగును. హెచ్.ఐ.వి. మందులు 2004 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు. వాడిన సూది నిజముగా గ్రుచ్చుకొన్నచో, నీటితో, సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. 72 గంటలు దాటరాదు.

ఇంకొక మాట. రోగమున్నవారు చుట్టిన కండెవలన, నేసిన చీరవలన, వండిన అన్నమువలన ఎవరికిని హెచ్.ఐ.వి. రాదు. హెచ్.ఐ.వి. గలవారిని పనినుండి తొలగించుట, వేరు పెట్టుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. నేనును ఒకప్పుడు అట్టివారు సంతకము చేసిన కలమును తుడిచి పుచ్చుకొన్నవాడనే. తెలియక చేసితిని, ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

ఇంత తెలిసినను భయము వదలనిచో, అది రక్తములోని రోగము కాదు, మనస్సుకు కలిగిన జబ్బు. మరల మరల పరీక్ష చేయించిన ఒక పూట నెమ్మది కలుగును, మఱునాడు అనుమానము తిరిగి వచ్చును. దీనికి చికిత్స గలదు, సిగ్గుపడ నక్కరలేదు. 14416 నంబరునకు ఫోను చేసిన తెలుగులోను, కన్నడములోను ఉచితముగా సలహా చెప్పుదురు. హెచ్.ఐ.వి. సందేహములకు 1097.

ఆ యువకుడు వైద్యుని సలహాపై నడచుచున్నాడు. భయము పూర్తిగా పోలేదు. కాని నిన్న మగ్గమున కూర్చుండి రెండు మూరలు నేసెను.

— సంఘ కార్యదర్శి