చేతితో నడిపే మూడు చక్రాల బండి: గొలుసు వరుస తప్పడంలో రెండు దోషాలు

నడవలేనివారు చేతితో తిప్పి నడుపుకొనే మూడు చక్రాల బండిని వెల్డింగు దుకాణంలో తమ శరీర కొలతలకు తగినట్లు చేయించుకోవచ్చు. అటువంటి బండిలో గొలుసు జారడం చిన్న లోపం కాదు. సైకిలు తొక్కేవాడు దిగి, చేతులకు మడ్డి అంటించుకొని గొలుసును తిరిగి ఎక్కించుకోగలడు. దిగలేని మనిషి నడిదారిలో నిలిచిపోతాడు.

గొలుసు సవ్యంగా నడవాలంటే చేతిపిడి దగ్గరి పళ్ళచక్రం, వెనుక ఇరుసు మీది పళ్ళచక్రం ఒకే తలంలో తిరగాలి. కర్మాగారంలో తయారైన సైకిలుకు ఈ పొందిక ముందే కుదిరి ఉంటుంది. కొలత ఇచ్చి చేయించిన బండిలో చేతిపిడి స్తంభాన్ని ఒకచోట అతుకుతారు, ఇరుసును బేరింగులపై మరొకచోట నిలుపుతారు. పొందిక తప్పితే దాన్ని 'వంకర' అనే ఒక్క మాటతో సరిపెట్టడం కద్దు. ఆ మాట చాటున రెండు దోషాలున్నాయి: పళ్ళచక్రం పక్కకు జరగడం ఒకటి, ఏటవాలుగా నిలవడం మరొకటి.

వీటిని వేరుచేయడానికి తిన్నని ఇనుప బద్ద చాలు. దాన్ని ముందు పళ్ళచక్రం ముఖానికి ఆనించి వెనుక పళ్ళచక్రం వరకు సాచాలి. వెనుక చక్రపు ముందంచు వద్ద, వెనుకంచు వద్ద బద్దకు ఉన్న ఎడం సమానమైతే చక్రం కేవలం పక్కకు జరిగింది. చక్రాల నడుమ 600 మి.మీ. దూరముంటే 10 మి.మీ. జరుగుడు గొలుసును సుమారు 1 డిగ్రీ మాత్రమే వంచుతుంది. వాషర్లు వేసి దీన్ని సరిచేయవచ్చు. రెండు ఎడాలూ వేరైతే దోషం కోణానిది. అక్కడ ఎన్ని వాషర్లు వేసినా చక్రం జరుగుతుందే తప్ప కోణం మారదు. చట్రం మధ్యరేఖ వెంట దారం కట్టి, ముందువైపు దానిపై ఒక బిందువు గుర్తించి, అక్కడినుండి ఇరుసు రెండు కొసలకూ కొలవాలి. దూరాలు సమానం కాకపోతే ఇరుసే వాలింది. సమానమైతే స్తంభాన్ని అనుమానించాలి.

విచిత్రమేమంటే, ఇరుసు వాలడానికి తరచు మరమ్మతే కారణమవుతుంది. వదులైన గొలుసును బిగించడానికి ఇరుసును వెనక్కి లాగేటప్పుడు ఒక పక్క ఎక్కువ జరిగితే చాలు, కోణం చెడుతుంది.

వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిస్తే మలుపు తిరగడం కష్టం. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఈ చిక్కును జేమ్స్ స్టార్లీ 1877లో తన మూడు చక్రాల బండికి డిఫరెన్షియల్ అమర్చి తీర్చాడు. చవకైన మార్గం ఒక్క చక్రాన్నే ఇరుసుకు బిగించి, రెండోదాన్ని స్వేచ్ఛగా తిరగనివ్వడం.

వెల్డింగు అతుకు చల్లారేటప్పుడు కుంచించుకొని స్తంభాన్ని తనవైపు లాగుతుంది. అందుచేత మొదట చుక్కలుగా అతికి, కొలిచి, ఆ తర్వాతే పూర్తిగా అతకాలి. నిలిపి ఉంచిన బండిలో సరిపోయిన కొలత బరువు పడ్డాక నిలవకపోవచ్చు. బండి వాడబోయే మనిషినే కూర్చోబెట్టి, వెనుక చక్రాన్ని కదలకుండా పట్టి, చేతిపిడిని బలంగా లాగించి మళ్ళీ బద్ద ఆనించాలి. అప్పుడు స్తంభం ఒరిగితే దానికి ఏటవాలుగా ఒక ఊతకడ్డీ అతకాలి.