ముందు నేల కుంగాలి, తర్వాతే సిమెంటు రోడ్డు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ప్రయాణిస్తుంటే కొన్ని వంతెనల మొదట్లోనే బండి ఎగిరిపడుతుంది. లోతున గట్టి పొర మీద ఆనిన వంతెన కదలదు. దాన్ని చేరే మట్టికట్ట మాత్రం కింది మెత్తటి బంకమట్టితోపాటు దిగిపోతుంది. సిమెంటు రోడ్డుకు చేటు చేసేది ఈ హెచ్చుతగ్గే. రోడ్డంతా సమంగా జానెడు దిగినా దాని కాంక్రీటు పలకలకు పెద్దగా ఏమీ కాదు.

జాతీయ రహదారుల్లో వాడే ఎం-40 కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్ల నొక్కుడును ఓర్చుకుంటుంది. వంచితే మాత్రం 4.5 న్యూటన్ల దగ్గరే విరుగుతుంది. పలక మూల కింద నేల జారి ఖాళీ ఏర్పడితే, లారీ చక్రం దాని మీదికి రాగానే మూల పగులుతుంది. పలక మధ్యలో, అంచున, మూలన ఎంత ఒత్తిడి పడుతుందో 1926లోనే ఇంజనీరు వెస్టర్‌గార్డ్ లెక్కగట్టాడు. కింద నేల అంతటా ఆనుకొని ఉందనుకుని వేసిన లెక్క అది. మెత్తనేల మీద ఆ నమ్మకమే చెడుతుంది.

పలక మందం పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. కుంగుతున్నది ఎన్నో మీటర్ల లోతున్న మట్టి, కుంగదీస్తున్నది కట్ట బరువు.

బంకమట్టి కుంగడమంటే అందులోని నీరు బయటికి పోవడమే. కట్ట పోయగానే ఆ బరువును మొదట మోసేది రేణువుల సందుల్లోని నీరు. అది మెల్లగా జారుకునేకొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది, పొర పలచబడుతుంది. ఈ సంగతిని 1920ల్లో లెక్కలకెక్కించినవాడు కార్ల్ టెర్జాగీ. ఆయన సిద్ధాంతం ప్రకారం, కుంగడానికి పట్టే కాలం నీరు నడవాల్సిన దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరం పదోవంతైతే కాలం నూరోవంతే! మట్టిశాస్త్రంలో ఇంతగా పనికొచ్చే సూత్రం మరొకటి లేదని నా అభిప్రాయం.

అందుకే అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ పట్టీలకు వడపోత గుడ్డ చుట్టి, మీటరు, మీటరున్నర ఎడంతో యంత్రంతో నేలలోకి నిలువుగా దించుతారు. నీరు పక్కకు కొద్ది దూరం నడిస్తే చాలు, పట్టీ అందుతుంది. దాని వెంట పైకెక్కి, నేల మీద పరిచిన ఇసుక పొరలోంచి బయటపడుతుంది. ఆపైన రోడ్డు బరువును మించి మట్టి పోసి నెలల తరబడి ఉంచుతారు. కుంగుడును కొలుస్తూ, అది దాదాపు ఆగిందని తేలాకే అదనపు మట్టి తీసి కాంక్రీటు పోస్తారు. నాలుగున్నర మీటర్లకో అతుకు, అతుకుల్లో పలకలను కలిపే ఉక్కు కడ్డీలు (డోవెల్ బార్లు) ఆ తర్వాతి జాగ్రత్తలు.

తొందరపడి ముందే పోసిన పలకను తారు రోడ్డులా పైపొర వేసి సులువుగా సరిచేయలేం. మెత్తనేల మీద పనికి టెండరు రాసేటప్పుడే ఈ నిరీక్షణను గడువులో చేర్చాలి. ప్రారంభోత్సవం తేదీ కోసం దాన్ని కుదించవద్దు.