బ్రెయిన్ ఎన్యూరిజం: తలలో ఆల్రెడీ స్టెంట్ ఉంటే మళ్లీ ఇంకోటా? ఫ్లో డైవర్టర్‌తో కలిపి ఎందుకు వేస్తారంటే..

గుండెకు స్టెంట్ వేయడం గురించి అందరికీ తెలుసు. కానీ మెదడు రక్తనాళంలోనూ స్టెంట్లు వేస్తారని, కొందరికి ఒకేచోట రెండు పరికరాలు పెట్టాల్సి వస్తుందని చాలామందికి తెలియదు. డాక్టర్ ఆ మాట చెప్పగానే ఇంట్లోవాళ్లకు వచ్చే మొదటి డౌట్.. 'అంటే మొదటిది ఫెయిల్ అయినట్టేనా?' అని. ప్రతిసారీ అలా కాదు. అసలు సంగతేంటో చూద్దాం.

ఎన్యూరిజం అంటే ఏంటి?

సైకిల్ ట్యూబ్ ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బుతుంది కదా.. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం గోడ కూడా అలాగే ఉబ్బొచ్చు. అదే ఎన్యూరిజం. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. చాలావరకు పగలవు, ఉన్నట్టు కూడా తెలియదు. పగిలితే మాత్రం ప్రాణం మీదకు వస్తుంది. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, దాంతోపాటు వాంతులు, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం లాంటివి ఉన్నా టాబ్లెట్ వేసుకుని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

స్టెంట్ వేరు.. ఫ్లో డైవర్టర్ వేరు

చూడ్డానికి రెండూ సన్నటి తీగలతో చేసిన జల్లెడ గొట్టాల్లాగే ఉంటాయి. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో ఉన్న నాళంలోంచి పైకి పంపిస్తారు. పుర్రె తెరవక్కర్లేదు. కానీ రెండింటి పని వేరు.

స్టెంట్: దీని అల్లిక వదులుగా ఉంటుంది. బుడగలో నింపిన ప్లాటినం కాయిల్స్ నాళంలోకి జారిపోకుండా అడ్డుగా నిలబడుతుంది.

ఫ్లో డైవర్టర్: దీని అల్లిక చాలా దగ్గరగా ఉంటుంది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన 'పైప్‌లైన్' పరికరాన్నే తీసుకుంటే 48 సన్నని తీగలతో అల్లుతారు. కాలువ పక్కనున్న గుంటకు అడ్డంగా తడిక కట్టినట్టు అన్నమాట. నీళ్లు నేరుగా వెళ్లిపోతాయి, గుంటలో నీరు కదలక మట్టి పేరుకుంటుంది. అలాగే బుడగలో రక్తం గడ్డకట్టి, మెల్లగా మూసుకుపోతుంది.

ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. పెద్ద ఎన్యూరిజంలపై జరిగిన 'పఫ్స్' అనే స్టడీలో యాంజియోగ్రామ్ చేసి చూసినవాటిలో ఏడాదికి దాదాపు 87 శాతం, ఐదేళ్లకు 95 శాతం పూర్తిగా మూసుకుపోయాయి.

రెండూ కలిపి ఎప్పుడు వేస్తారు?

1. గతంలో స్టెంట్, కాయిల్స్‌తో మూసిన బుడగలోకి మళ్లీ రక్తం వెళ్తుంటే, పాత స్టెంట్ లోపలే ఫ్లో డైవర్టర్ పెడతారు.

2. బుడగ మరీ పెద్దదై, నోరు వెడల్పుగా ఉంటే ఫ్లో డైవర్టర్ అందులోకి జారిపోవచ్చు. అది కదలకుండా స్టెంట్‌తో పట్టు ఇస్తారు.

3. ఫ్లో డైవర్టర్ సరిగ్గా విచ్చుకోకపోతే బెలూన్‌తో తెరుస్తారు. అప్పటికీ కాకపోతే లోపల స్టెంట్ పెట్టి గోడకు ఆనిస్తారు.

మరి చిక్కు ఎక్కడ?

ఫ్లో డైవర్టర్ నాళం గోడకు పూర్తిగా అంటుకోవాలి. మధ్యలో పాత స్టెంట్ తీగలు అడ్డొస్తే సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి రక్తం మళ్లీ బుడగలోకి వెళ్తుంది. అందుకే పాత స్టెంట్ ఉన్నవాళ్లలో బుడగ మూసుకుపోయే ఛాన్స్ కొంత తక్కువ. పైగా లోహం పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టే రిస్క్ కూడా పెరుగుతుంది. ఆ గడ్డ నాళాన్ని మూసేస్తే స్ట్రోకే!

మాత్రలే అసలు రక్ష

అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మాత్ర సాధారణంగా కొన్ని నెలలు ఇస్తారు. ఆ తర్వాత ఆస్పిరిన్ ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. కొందరి శరీరంలో క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయదు. టెస్టులో ఆ విషయం తేలితే మందు మారుస్తారు.

'తలనొప్పి తగ్గింది కదా', 'పన్ను పీకించుకోవాలి' అంటూ సొంతంగా మాత్రలు ఆపేయడం చాలా డేంజర్. పన్ను డాక్టర్ ఆపమన్నా, ముందు మీకు స్టెంట్ వేసిన డాక్టర్‌ను అడగాల్సిందే. ఈ మాత్రలతో రక్తస్రావం రిస్క్ కూడా ఉంటుంది కాబట్టి నల్లటి విరేచనాలు, ఆగని రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఒప్పుకునే ముందు ఇవి అడగండి

• రెండోది ఎందుకు అవసరం? ఒక్కదానితో సరిపోదా?
• ఏమీ చేయకుండా స్కాన్‌లతో గమనిస్తే రిస్క్ ఎంత?
• మాత్రలు ఎన్నాళ్లు? మళ్లీ యాంజియోగ్రామ్ ఎప్పుడు?

డిశ్చార్జ్ అప్పుడు పరికరం వివరాలున్న కార్డు అడిగి తీసుకోండి. రేపు ఎమ్మారై తీయాలన్నా, ఇంకో ఆపరేషన్ చేయాలన్నా ముందు చూపించాల్సింది దాన్నే.