గడ్డినేలలో నడక.. బట్టమేక కోసం వెతుకులాట
* రోళ్లపాడులో చేజారిన పక్షి.. సిరుగుప్ప చేలల్లో మిగిలింది కొద్దే

బళ్లారి: అభయారణ్యం అనగానే ఎవరికైనా కొండలు, దట్టమైన చెట్లు, గలగలా పారే వాగులు గుర్తొస్తాయి. అవేవీ లేని అభయారణ్యం ఒకటుంది. కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడా తుమ్మ, రేగు పొదలు, పైన ఆకాశం.. అంతే. కర్నూలు నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, మిడుతూరు మండలంలో ఉన్న రోళ్లపాడు అది. ఎక్కడానికి కొండ లేదు, దిగడానికి లోయ లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ కూడా ఆయాసం లేకుండా రెండు గంటలు నడిచి రావొచ్చు.

అయితే ఏ పక్షి కోసం ఈ అభయారణ్యం పెట్టారో, ఆ పక్షి అక్కడ కనబడటం ఇప్పుడు గగనమైపోయింది. అదే బట్టమేక పిట్ట. కన్నడంలో ఎర్లడ్డు అంటారు. ఇదే పక్షి మన సిరుగుప్ప తాలూకా నల్లరేగడి చేలల్లో ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలింది. రోళ్లపాడులో ఏం జరిగిందో బళ్లారి జిల్లా వాళ్లు తెలుసుకోవాల్సింది అందుకే.

నడిస్తే ఏం కనిపిస్తాయి?

రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాల విభజన తర్వాత నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. పొద్దు పొడిచే వేళ, పొద్దు గూకే వేళ ఇక్కడ నడకకు అనువైన సమయం. ఎండెక్కితే జంతువులు పొదల నీడకు చేరతాయి.

ముందుగా కంటబడేవి కృష్ణజింకలు. మగవాటికి మెలికలు తిరిగిన కొమ్ములు, వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. ఆడవి, పిల్లలు లేత గోధుమ రంగులో ఉంటాయి. మనిషి అలికిడి వింటే మంద మొత్తం ఒకదాని వెనుక ఒకటి ఎగిరి దూకుతూ పోతుంది. ఓపిక ఉంటే గుంటనక్క, కుందేలు కూడా కనిపిస్తాయి. తోడేలు కనిపించిందంటే అదృష్టమే.

చలికాలంలో వెళ్లేవారికి మరో కనువిందు ఉంది. కజకిస్థాన్ వంటి మధ్య ఆసియా దేశాల గడ్డి మైదానాల నుంచి హ్యారియర్ జాతి గద్దలు ఇక్కడికి వలస వస్తాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ మిడతలను, ఎలుకలను పట్టి తింటాయి. సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్కటే వచ్చి గడ్డిలోనే నేల మీద గుంపుగా నిద్రకు చేరతాయి. ఇవి చెట్టు ఎక్కవు, వాటికి గడ్డే గూడు. గడ్డి లేకపోతే అంత దూరం నుంచి వచ్చి వాలడానికి చోటుండదు.

మనిషికి నడుమెత్తు పక్షి

బట్టమేక పిట్ట మీటరు ఎత్తు దాకా ఉంటుంది. బాగా ఎదిగిన మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. తెల్లని మెడ, తల మీద నల్లటి టోపీ, గోధుమ రంగు వీపు దీని గుర్తులు. కాలికి వెనుక వేలు ఉండదు కాబట్టి కొమ్మను పట్టుకుని కూర్చోలేదు. తిండి, నిద్ర, సంసారం అన్నీ నేల మీదే. మిడతలు, పురుగులు, తొండలు, రేగుపళ్లు, గింజలు దీని ఆహారం. గూడు కట్టకుండా వట్టి నేల మీదే సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. సుమారు నాలుగు వారాలు తల్లి ఒక్కతే పొదుగుతుంది. ఆ గుడ్డును కుక్కో కాకో ఎత్తుకెళ్లినా, గొర్రెల మంద తొక్కినా ఆ కాన్పు పోయినట్టే.

దేశానికి జాతీయ పక్షిని ఎంచుకునే రోజుల్లో ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఈ పక్షినే సూచించారు. చివరికి 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. ఇప్పుడు దేశం మొత్తం మీద బట్టమేకలు 150 లోపే ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

ఎందుకు పోయింది?

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్లపాడులో మకాం వేసి బట్టమేకల జీవితాన్ని గమనించారు. అప్పట్లో అవి ఇక్కడ పదుల సంఖ్యలో ఉండేవి. అభయారణ్యం లోపల గడ్డిని కాపాడారు. కానీ ఆరు చదరపు కిలోమీటర్లు ఇంత పెద్ద పక్షికి ఏ మూలకు? దాని తిరుగుడంతా చుట్టుపక్కల చేలల్లోనే. ఆ చేలు మారిపోయాయి. జొన్న, కొర్ర, శనగ పండిన మెట్ట భూములకు కాలువ నీళ్లు, బోర్లు వచ్చాయి. ఏడాది పొడవునా పైర్లు, పురుగుమందులు, ట్రాక్టర్లు, కరెంటు తీగలు వచ్చాయి. పక్షికి మాత్రం నిలువ నీడ లేకుండా పోయింది.

బట్టమేకకు పక్కలు బాగా కనిపిస్తాయి కానీ ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. అందుకే హైటెన్షన్ తీగలకు తగిలి చనిపోతుంటుంది. ఈ తీగల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూగర్భంలో వేయాలని 2021లో కోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ సాధ్యమో తేల్చేందుకు నిపుణుల కమిటీని వేసింది.

గడ్డినేలను మనం చూసే చూపు కూడా ఒక కారణమే. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు, బీడు. అటవీశాఖలకు మొక్కలు నాటే చోటు. పరిశ్రమలకు ఖాళీ స్థలం. గొర్రెల కాపరికి మాత్రమే దాని విలువ తెలుసు.

రైతు గోడూ వినాలి

కాపలా పెరిగిన కొద్దీ రోళ్లపాడులో కృష్ణజింకలు కొద్దిపాటి సంఖ్య నుంచి వందల్లోకి పెరిగాయి. అవి అభయారణ్యం హద్దు దాటి శనగ, వేరుశనగ చేల మీద పడ్డాయి. రైతులు రాత్రుళ్లు చేలల్లోనే కాపలా కాయాల్సి వచ్చింది. పక్షి కోసమని గిరి గీస్తే జింకలు పెరిగి పంట పోయిందన్న కోపం ఊళ్లలో మిగిలింది. ఆలూరు, ఆదోని ప్రాంత రైతులకూ జింకల బెడద తెలిసిందే. నష్టం రైతుకు, పేరు అభయారణ్యానికి అన్నట్టుంటే ఏ పక్షీ బతకదు.

సిరుగుప్పలో పరిస్థితి ఇంకా సున్నితం. ఇక్కడ బట్టమేక తిరిగేది రైతుల సొంత చేలల్లో. తుంగభద్ర కాలువ నీళ్లు పారిన మేర వరి పండుతోంది, రైస్ మిల్లులు నడుస్తున్నాయి. నీళ్లు అందని నల్లరేగడిలో వానాధారంగా పండే జొన్న, శనగ చేలే పక్షికి ఆసరా. కర్ణాటక అటవీశాఖ ఇక్కడ దాని రక్షణకు కార్యక్రమం చేపట్టింది. గుడ్డు పెట్టిన చోట నాలుగు గుంటల చేను వదిలే రైతుకు పరిహారం సకాలంలో అందితే, పక్షికి అంతకన్నా మంచి కాపలాదారు దొరకడు.

రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో 2019 నుంచి బట్టమేకలను కేంద్రాల్లో పెంచుతున్నారు. కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల 2024 అక్టోబరులో పుట్టింది. ఇది ఆశాజనకమే. కానీ ఆ పిల్లలను ఎప్పటికైనా ఇటువైపు వదలాలంటే ఇక్కడ గడ్డినేల, మెట్ట చేలు మిగిలి ఉండాలి.

వెళ్లేవారికి..

* బళ్లారి నుంచి ముందురోజే కర్నూలు చేరి, తెల్లవారుజామున నందికొట్కూరు మీదుగా బయల్దేరితే మేలు. లోపలికి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.
* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు హాయిగా ఉంటుంది. నీళ్లు, టోపీ, వీలైతే బైనాక్యులర్ దగ్గరుంచుకోవాలి.
* గడ్డిలో పాములుంటాయి. మడమలు కప్పే బూట్లు వేసుకుని, బాట వెంటే నడవాలి.
* మట్టిరంగు బట్టలు మంచిది. జింకల మందను తరమకూడదు, వాహనంతో వెంబడించకూడదు.
* సిరుగుప్ప వైపు ఎక్కడైనా బట్టమేక కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు. ఫొటో తీసి ఊరి పేరుతో ఫోన్లలో పంచొద్దు. అటవీ సిబ్బందికి మాత్రమే చెప్పాలి.