గాయకులు లేని రికార్డింగు

ఒకే పాట, ఒకే గొంతు. అయినను ఒక రికార్డును రేడియోలో వేసినప్పుడు ఇంటిల్లిపాది పని మాని విందురు, మరొకటి వేసినప్పుడు ఎవరి పనిలో వారుందురు. ఇది ఏల అని మా శ్రోతలు ఉత్తరములలో అడుగుచుందురు. పాడినవారిలో భేదము లేనప్పుడు, వినుటలో భేదము ఎక్కడినుండి వచ్చినది? దీనికి సూత్రములు చెప్పుటకంటె ఒక పాట కథ చెప్పుట మేలని మాకు తోచినది. పాట మనది కాదు, అమెరికావారిది. దాని పేరు ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’. నిశ్శబ్దపు సవ్వడి అని చెప్పుకొనవచ్చును.

న్యూయార్కు నగరములో క్యూ గార్డెన్స్ హిల్స్ అను పేటలో పెరిగిన బాల్యమిత్రులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్. 1957లో, ఇంకను బడిలో చదువుకొనుచుండగనే, టామ్ అండ్ జెర్రీ అను మారుపేర్లతో ఒక పాట పాడి కొంత పేరు పొందినారు. తరువాత కొన్ని సంవత్సరములు చెప్పుకొనదగినదేమియు లేదు. సైమన్ ఇరువది దాటిన తొలి యేండ్లలో ఈ పాట వ్రాసినాడు. స్నానపుగదిలో దీపమార్పి, కుళాయి విప్పి, ఆ నీటి సవ్వడిలో గిటారు మీటుకొనుట తనకు అలవాటని ఆయనయే తరువాత చెప్పినాడు. నున్నని పలకల గోడలు ధ్వనిని మరల మనకే తిరిగి యిచ్చును. స్నానము చేయుచు పాడుకొనువారెవ్వరికిని ఈ రహస్యము క్రొత్త కాదు. ఆ గదిలో మనమందరమును విద్వాంసులమే. మనిషికిని మనిషికిని నడుమ మాట తెగిపోవుట ఆ పాటకు విషయము.

1964 మార్చి 10వ తేదీన న్యూయార్కులోని కొలంబియా కంపెనీ స్టూడియోలో ఇరువురును దీనిని పాడినారు. తోడుగా ఉన్నవి మెత్తగా మ్రోగు గిటార్లు, ఒక బాస్ వాద్యము, అంతే. తాళవాద్యము లేదు. ఆ అక్టోబరులో, వారి మొదటి ఆల్బములో ఒక పాటగా ఇది వెలువడినది. అది బీటిల్స్ బృందము అమెరికాను ఉఱ్ఱూతలూగించిన సంవత్సరము. ఈ మెల్లని పాటలను పట్టించుకొన్నవారు లేరు. ఆల్బము అమ్ముడుపోలేదు. జంట విడిపోయినంత పని అయినది. గార్ఫంకెల్ కొలంబియా విశ్వవిద్యాలయములో చదువుకు పోయినాడు. పేరు ఒకటే గాని ఆ విశ్వవిద్యాలయమునకును ఈ రికార్డుల కంపెనీకిని సంబంధము లేదు. సైమన్ ఇంగ్లండు చేరి, అక్కడి చిన్న చిన్న క్లబ్బులలో ఒంటరిగా పాడుకొనుచు కాలము గడిపినాడు.

ఇక్కడ రేడియో ప్రవేశించినది. 1965లో బోస్టను నగరపు ఒక కేంద్రము ఈ పాటను ప్రసారము చేయసాగినది. అక్కడి కళాశాలల విద్యార్థులు మరల మరల కోరి వేయించుకొన్నారు. సెలవులకు విద్యార్థులు గుంపులుగా చేరు ఫ్లోరిడాలోను అదే జరిగినది. దుకాణములో ఎవరును కొనని పాటను శ్రోతలు రేడియోలో అడిగి వినుచున్నారను వార్త కంపెనీకి చేరినది.

ఆ వార్తను చెవిని బెట్టినవాడు టామ్ విల్సన్. మొదటి రికార్డింగును నిర్వహించినవాడును ఆయనయే. ఈయన హార్వర్డులో చదువుకొన్న నల్లజాతి యువకుడు. అక్కడి విద్యార్థుల రేడియో కేంద్రములో పనిచేసి ఈ విద్యలో ఓనమాలు నేర్చినవాడు. మావంటివారు కొంచెము గర్వపడదగిన సంగతి యిది. ఆ వేసవిలో బర్డ్స్ అను బృందము బాబ్ డిలన్ రచించిన పాటను విద్యుత్ గిటార్లతోను డ్రమ్ములతోను పాడి దేశమంతట మ్రోగించుచుండెను. విల్సన్ దానిని గమనించినాడు.

మొదటి రికార్డులో లోపమేమి? ఇంటిలో, మంచి గ్రామఫోను మీద, ప్రొద్దుపోయిన తరువాత వినువానికి లోపమేమియు లేదు. కాని ఆనాటి అమెరికాలో కోరికల పాటలు నడిచినవి మీడియం వేవ్ మీద. విన్నవారు చాలమంది కారులోనో, అరచేతిలో ఇమిడెడు ట్రాన్సిస్టరులోనో విన్నవారు. అట్టి సెట్లలో సెకండుకు ఐదువేల కంపనములు దాటిన సూక్ష్మస్వరములు చాలవరకు నశించును. తీగమీద వ్రేలు జారుటలోని కమ్మదనము, మాట చివర ఊపిరి, ఇవన్నియు అందులోనివే. చిన్న స్పీకరు బాస్ వాద్యపు గంభీరనాదమును మోయజాలదు. పైని పోయినది, క్రిందను పోయినది, నడుమ మిగిలినది రెండు గొంతులు. అవియు పాటలో ఒకచోట గుసగుసగా, మరొకచోట బిగ్గరగా పలుకును. గుసగుస దగ్గరకు వచ్చుసరికి కారు ఇంజను చప్పుడో, గాలిలోని గరగరయో దానిని మ్రింగివేయును. డ్రమ్ము దెబ్బ అట్లు కాదు. అది క్షణకాలముండు పదునైన ధ్వని. గరగరను చీల్చుకొని వచ్చును. విద్యుత్ గిటారు నాదము చిన్న స్పీకరు చక్కగా పలుకగల నడిమి స్థాయిలోనే నిండుగా నిలుచును. శ్రోత వంటయింటిలో ఉన్నను, రెండు మాటలు వినబడకపోయినను, లయ తెగదు గనుక పాట చేయి విడువడు. బోస్టను విద్యార్థులకు ఇవేవియు అక్కరలేకపోయినవి గాని, దేశమంతటికిని చేరవలెనన్న ఇవి కావలెనని విల్సన్ తలచినాడు.

1965 జూన్ 15వ తేదీన డిలన్ రికార్డింగు ముగిసిన తరువాత, ఆ వాద్యగాండ్రలో కొందరిని ఆయన స్టూడియోలోనే ఆపినాడు. మరికొందరిని పిలిపించినాడు. పాత టేపు నడుచుచుండగా, దానిని చెవులకు తగిలించుకొన్న ఫోనులలో వినుచు, వారు విద్యుత్ గిటార్లు, బాస్, డ్రమ్ములు వాయించినారు. పాత గొంతులు, క్రొత్త వాద్యములు కలిసి మరొక టేపుమీదికి ఎక్కినవి. సైమన్‌ను గాని గార్ఫంకెల్‌ను గాని పిలువలేదు, అడుగనైనను లేదు.

వినుటకు సులభముగానున్న ఈ పనిలో ఒక చిక్కు కలదు. మన కచ్చేరీలో మృదంగము వాయించువాడు గాయకుని ప్రక్కనే కూర్చుండి, ఆయన కనుసన్నను, చేతి తాళమును చూచుచు వాయించును. గాయకుడు ఒక అక్షరము సాగదీసిన, మృదంగము ఆగును; మృదంగము ఊపు అందుకొన్న, గాయకుడు కదలును. ఇది ఇరువురి నడుమ సంభాషణ. టేపుతో సంభాషణ లేదు. తాళవాద్యము లేకుండ పాడినప్పుడు ఆ మిత్రులు, ఎవరైనను చేయునట్లే, మాట బరువును బట్టి కాలమును కొంచెము సాగదీసి, కొంచెము కుదించి పాడియుండిరి. అక్కడ అదియే సొగసు. ఏడాది దాటిన తరువాత డ్రమ్ములవానికి అదియే గండమైనది. గొంతులు వెనుకబడినచోట తానును వెనుకాడవలెను, అవి ముందుకు పోయినచోట తాను పరుగెత్తవలెను. ఈ అతుకు కనబడకుండ ఇంజనీరు రాయ్ హేలీ పాటకంతటికిని దట్టముగా ప్రతిధ్వని పట్టించినాడు. ఆ రోజులలో ప్రతిధ్వని చేయు విధానము ముచ్చటైనది: ఖాళీ గదిలో ఒక మూల స్పీకరు పెట్టి పాటను పలికించి, మరొక మూల మైక్రోఫోను పెట్టి, గోడలు తిరిగి యిచ్చిన ధ్వనిని పట్టుదురు. స్నానపుగదిలో పుట్టిన పాట, ఇట్లు తిరిగితిరిగి, ధ్వని తిరిగి వచ్చు గదికే చేరినది.

సెప్టెంబరులో రికార్డు వెలువడినది. సైమన్ డెన్మార్కులో ఉండగా తన పాట అమెరికాలో జనాదరణ జాబితాకెక్కినదని తెలిసినది. రికార్డు తెప్పించి విన్నప్పుడు ఆయన నిర్ఘాంతపోయినాడని, గొంతులు అందుకొనువరకు డ్రమ్ములు నిదానించిన తావు ఆయనకు ములుకువలె గ్రుచ్చుకొన్నదని, అప్పుడు లండనులో ఆయనతో ఉన్న గాయకుడు ఆల్ స్టూవర్ట్ జ్ఞాపకము చేసికొన్నాడు. 1966 జనవరి 1వ తేదీ నాటి బిల్‌బోర్డ్ పట్టికలో ఆ పాట మొదటి స్థానమందున్నది. సైమన్ తిరిగి వచ్చినాడు, జంట మరల కలిసినది, అదే జనవరిలో ఆ పాట పేరే పెట్టుకొన్న ఆల్బము త్వరత్వరగా సిద్ధమై వెలువడినది. విల్సన్ ఆ పని చేయకపోయిన, ఆ ఇరువురి పేర్లు ఈనాడు మనకు తెలిసియుండెడివి కావేమో.

అయినను అడుగకుండుట ఒప్పేనా? మేము ఇక్కడ తీర్పరుల పీఠమెక్కుటకు అర్హులము కాము. కొన్నేండ్ల క్రిందట మా స్టూడియోలో ఒక గాయని తంబుర తప్ప మరియేమియు లేకుండ ఒక భావగీతము పాడినది. ప్రసారములో పలుచగా వినబడునేమో యని, ఆమె వెళ్లిన తరువాత మేము తబలాను, వేణువును చేర్చితిమి. పాట బాగున్నదని ఉత్తరములు వచ్చినవి. మేము పొంగినాము. వారము దాటిన పిమ్మట ఆమె వచ్చి, కోపపడలేదు గాని, ఒక్క మాట అడిగినది: “చివరి చరణమునకు ముందు నేను కొంచెముసేపు ఊరకుంటిని గదండీ, అది ఏమైనది?” ఆ చోట మేము వేణువు పెట్టియుంటిమి. ఖాళీ యని తలచితిమి. ఆమెకది పాటలో భాగము. మేము సమాధానము చెప్పలేకపోతిమి. పాత టేపు మిగిలియున్నది గనుక మరుసటి మాసము దానినే ప్రసారము చేసితిమి. ఈసారి ఉత్తరములు తక్కువే వచ్చినవి. కాని వచ్చినవానిలో ఒకటి మాత్రము ఆ ఊరకుండుటను గురించియే.

విల్సన్‌ను మేము తప్పుపట్టలేము, మెచ్చుకొనకుండను ఉండలేము. లండనుకు ఒక ఉత్తరము వ్రాసియుండవచ్చునని మాత్రము అనిపించును. ఆయన 1978లో మరణించినాడు.

1967లో ‘ద గ్రాడ్యుయేట్’ అను చలనచిత్రము ఈ పాటను మరింత దూరము తీసికొనిపోయినది. 1964 నాటిదియు, 1965 నాటిదియు, రెండు రికార్డులును ఈనాడు వినుటకు దొరకును. మా పాఠకులకు వీలైనచో రెండింటిని ఒకదాని వెనుక నొకటి వినుడు. రెండవదానిలో మొదటి చరణము దాదాపు పాతదానివలెనే సాగును. రెండవ చరణముతో డ్రమ్ములు ప్రవేశించును. అక్కడినుండి గొంతులను విడిచి డ్రమ్ములను మాత్రమే అనుసరించి వినుడు. తమను చూడని, తమ మాట వినని ఇద్దరు గాయకుల వెంట ఆ వాద్యగాడు ఎట్లు నడిచినాడో, ఎక్కడ తడబడినాడో మీకే తెలియును.