కదలని బొడిపె, కదిలే బాణం

"సార్, ఈ ఎర్ర బొడిపె కదలట్లేదు కదా, మరి తెర మీద బాణం ఎట్ల కదులుతోంది?"

కోదాడలో ఇంటర్ చదివే కుర్రాడి ప్రశ్న ఇది. వాళ్ల బాబాయి కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ మీద అతను కెమిస్ట్రీ నోట్స్ టైపు చేసుకుంటున్నాడు. హైదరాబాద్‌లో కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన ఇలాంటి బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో చేతులు మారి, విజయవాడ హైవే వెంట మన ఊళ్లకూ వస్తుంటాయి. కీబోర్డు నడుమ జి, హెచ్, బి అక్షరాల మధ్య ఉండే ఆ ఎర్ర చుక్కను చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం యంత్రంలో తెలివైన భాగం అదే.

మౌస్‌ను జరిపితే బాణం జరుగుతుంది. టచ్‌ప్యాడ్ మీద వేలు జరిగితే బాణం జరుగుతుంది. ట్రాక్‌పాయింట్ అనే ఈ బొడిపె దగ్గర కంటికి కనిపించేలా ఏదీ జరగదు. అది కొలిచేది దూరాన్ని కాదు, వేలు నెట్టే బలాన్ని.

ఐబీఎం పరిశోధకుడు టెడ్ సెల్కర్‌ను ఈ దారి పట్టించింది ఒక చిన్న లెక్క. టైపు చేసే మనిషి చెయ్యి కీబోర్డు మీంచి మౌస్ దగ్గరికి వెళ్లడానికి సుమారు 0.75 సెకను పడుతుందని, తిరిగి రావడానికీ దాదాపు అంతే పడుతుందని ఆయన చదివారు. రోజంతా టైపు చేసేవాళ్లకు ఆ ముప్పావు సెకనులన్నీ కలిస్తే ఎంత సమయమో ఊహించండి. చెయ్యి అసలు కదలకుండా చూపుడువేలు కిందే ఆ పని అయిపోవాలి. సహచరుడు జోసెఫ్ రట్లెడ్జ్‌తో కలిసి ఆయన ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. 1992లో వచ్చిన థింక్‌ప్యాడ్ 700సీతో అది జనం చేతుల్లోకి వచ్చింది.

ఎర్ర టోపీని మెల్లగా పైకి లాగితే ఊడి వస్తుంది. దాని కింద సన్నటి పుల్ల ఉంటుంది. ఆ పుల్ల అడుగున స్ట్రెయిన్ గేజ్‌లు ఉంటాయి. సాగితే వీటి నిరోధం పెరుగుతుంది, నొక్కుకుపోతే తగ్గుతుంది. వేలితో కుడివైపు నెట్టారనుకోండి. పుల్ల కంటికి ఆననంత కొద్దిగా వంగుతుంది. ఒకవైపు గేజ్ సాగుతుంది, ఎదుటివైపుది నొక్కుకుపోతుంది. నిరోధంలో వచ్చే మార్పు అతి స్వల్పం, నేరుగా కొలవడం కష్టం. ఇక్కడే మన ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది. విద్యుత్తు పాఠంలో మార్కుల కోసం బట్టీపట్టే వీట్‌స్టన్ బ్రిడ్జి గుర్తుందా? రెండువైపులా సరితూగినప్పుడు దాని మధ్య వోల్టేజి సున్నా. ఒకవైపు ఇసుమంత తేడా వచ్చినా ఆ సున్నా చెదిరిపోతుంది. ఆ చెదిరిన వోల్టేజిని ఆంప్లిఫయర్ పెంచుతుంది, చిప్ దాన్ని అంకెలుగా మారుస్తుంది. 1833లో శామ్యూల్ క్రిస్టీ కనిపెట్టి, 1843లో చార్లెస్ వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన సర్క్యూట్ ఇది. ఆ కుర్రాడికి బోర్డు మీద బొమ్మ వేసి చూపించినప్పుడు, ఇది పరీక్షలో వచ్చేదే కదా అని వాడి మొహం వెలిగిపోయింది.

బలం ఎంతో తెలిసింది, బాగానే ఉంది. దానితో బాణాన్ని ఏం చెయ్యాలి? మౌస్‌లో దూరానికి దూరం. ఇక్కడ బలానికి వేగం. ట్రాక్టరు యాక్సిలరేటర్ లాగన్నమాట: ఎంత తొక్కితే అంత జోరు, కాలు తీస్తే నెమ్మది. కానీ బలాన్ని నేరుగా వేగంగా మారిస్తే బాణం చేతికి చిక్కదు. ఒక అక్షరం మీద నిలపబోతే పక్క పేరాలోకి దూకుతుంది. అందుకే సెల్కర్, రట్లెడ్జ్ ఇద్దరూ ఒక వంపు గీత గీశారు. మెల్లగా తాకితే బాణం చుక్కచుక్కగా కదులుతుంది. మధ్యరకం బలానికి వేగం దాదాపు ఒకేలా నిలకడగా ఉంటుంది, వేలు వణికినా బాణం వణకదు. గట్టిగా నొక్కితే ఒక్కసారిగా పరుగందుకుంటుంది, అదీ కన్ను వెంబడించగలిగినంత వరకే. తర్వాత ఇంకో మెలిక కలిపారు. నొక్కడం మొదలుపెట్టిన క్షణంలో బాణం కాస్త ముందే ఉరుకుతుంది, వదిలే క్షణంలో కాస్త ముందే బ్రేకు పడుతుంది. ఈ వంపుల కోసం వాళ్లు మనుషుల చేత పదేపదే వాడించి చూశారు. యంత్రం కన్నా ముందు మనిషి వేలిని చదివారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

కొత్తగా వాడేవాళ్లను బెదరగొట్టేది ఒకటుంది. చెయ్యి తీశాక కూడా బాణం దానంతటదే ఒకవైపు జారిపోతుంటుంది. చాలామంది ఇది వైరస్ అనుకుంటారు, కీబోర్డు పోయిందని షాపుకు తీసుకెళతారు. అసలు సంగతి వేరు: వేడికి గేజ్‌ల నిరోధం కొద్దిగా మారుతుంది, మారినప్పుడల్లా చిప్ తన సున్నాను తిరిగి సరిచేసుకుంటుంది. మీరు ఒకే బలంతో చాలాసేపు నొక్కి ఉంచితే దాన్నే సున్నా అనుకుంటుంది. వేలు తీయగానే బాణం ఎదురుదిక్కుకు నడుస్తుంది. మందు తేలికే: కొన్ని సెకన్లు ముట్టుకోకుండా వదిలేయండి, అదే సర్దుకుంటుంది.

దీని ప్రత్యర్థి టచ్‌ప్యాడ్ 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500తో బలంగా రంగంలోకి దిగింది. వేలు దగ్గరికొచ్చినప్పుడు మారే కెపాసిటెన్స్‌ను అది కొలుస్తుంది. చిన్నపిల్లలకైనా నిమిషంలో అలవాటవుతుంది, రెండు వేళ్లతో పేజీ జరపొచ్చు. ఆ గెలుపు న్యాయమైనదే. కానీ ఏప్రిల్ నెలలో మిర్యాలగూడ రైస్ మిల్లులో కాటా పక్కన కూర్చుని బిల్లులు కొట్టే గుమాస్తాను తలుచుకోండి. వేలికి చెమట, ప్యాడ్ మీద తవుడు ధూళి. చెమట తడి కెపాసిటెన్స్ లెక్కను తారుమారు చేస్తుంది, బాణం ఎగురుతుంది. బలాన్ని కొలిచే బొడిపెకు తడితో పట్టింపు లేదు, చేతి తొడుగు ఉన్నా పనిచేస్తుంది. ఆ గుమాస్తా టేబుల్ మీద నేనైతే కళ్లు మూసుకుని దీన్నే పెడతాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు కొట్టేవాళ్లకు ఇంకో సుఖం: ఉకారం గుణింతం, ప, వ మీటల నడుమే అది కూర్చుని ఉంటుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారం లెనోవో చేతికి వెళ్లింది. 2013లో బొడిపె కింది బటన్లు తీసేస్తే వాడేవాళ్లు గోల పెట్టారు, 2015కల్లా అవి తిరిగొచ్చాయి. 2025లో ప్రకటించిన ఎక్స్9 మోడల్‌లో బొడిపే లేదు.

ఇలాంటి యంత్రం ఇంటికి తెచ్చుకుంటే దాన్ని విప్పగలగడమూ ఒక వరమే. విడిభాగాలు ఎలా తీయాలో చెప్పే సర్వీసు పుస్తకాన్ని కంపెనీ అందరికీ ఉచితంగా ఇస్తుంది. 2018 నాటి టీ480 చూడండి: ర్యామ్‌కు రెండు స్లాట్లు, లోపల ఒకటి వెనక ఒకటి రెండు బ్యాటరీలు. కరెంటు లేకున్నా యంత్రం ఆపకుండానే వెనక బ్యాటరీ మార్చొచ్చు. ర్యామ్‌ను బోర్డుకే అతికించేసిన పలుచటి మోడళ్లలో ఆ వీలు లేదు. అడుగు మూత తీసేముందు బయోస్‌లో లోపలి బ్యాటరీని ఆపేసే ఆప్షన్ ఉంటుంది, అది తప్పక వాడండి. మిల్లు ధూళి, మేళ్లచెరువు వైపు సిమెంటు ధూళి ఫ్యాన్ వెనక రాగి రెక్కల్లో పేరుకుంటాయి. యంత్రం నెమ్మదించిందని కొత్తది కొనేముందు అవి శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు మార్పించండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి పట్టాలి.

సూర్యాపేటలోనైనా సికింద్రాబాద్‌లోనైనా సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే, డబ్బులిచ్చేముందు మూడు పనులు మీ ఎదుటే చేయించండి. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. అక్కడ పాత కంపెనీ పాస్‌వర్డ్ అడిగితే ఆ యంత్రం వద్దు, ఆ పాస్‌వర్డ్‌ను తీయడం మామూలు షాపువాళ్ల వల్ల అయ్యే పని కాదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించి, కొత్తలో ఎంత సామర్థ్యం, ఇప్పుడెంత మిగిలిందో పోల్చండి. చివరగా చూపుడువేలు ఆ ఎర్ర బొడిపె మీద పెట్టి నాలుగువైపులా నెట్టి చూడండి.